ఎవరి చేతికి వాద్యబృందం

పోయిన వారం ఉపేందర్‌రావును అజీముద్దీన్ రికార్డింగు గది తలుపు బయట నిలబెట్టి వదిలేశాం. ఆయన చెయ్యి గడియ మీద ఉంది, చెవి లోపలి పాట మీద ఉంది. లోపల వాయులీనాలు మోగుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, పెద్ద గుంపు. ఇరవై ఏళ్ళుగా కరీంనగర్‌లో వాద్యబృందం అంటే ఉపేందర్‌రావు. అలాంటిది ఆయనకు తెలియని పాటను ఈ ఊళ్ళో అంతమంది వాయించడం ఏమిటి?

నిజానికి ఆ గదిలో ఒక్క వాయులీనం కూడా లేదని ఆయనకు తెలుసు. ఉన్నది ఒక కొత్త కంప్యూటరు, దానికి తగిలించిన కీబోర్డు, పక్కన రకరకాల వాద్యాల శబ్దాలు కడుపులో దాచుకున్న నల్లపెట్టె. అవన్నీ లక్సెట్టిపేట లక్ష్మణ్‌రావు తెప్పించి పెట్టినవి. లక్ష్మణ్‌రావుకు రైసుమిల్లు ఒక కన్నయితే నాట్యమండలి రెండో కన్ను. ఈ ఏడు గని కార్మికుల బతుకు మీద పెద్ద నృత్యనాటకం తలపెట్టాడు. దసరాకు నస్పూర్‌లో మొదటి ప్రదర్శన. దానికి సంగీతం ఉపేందర్‌రావే చేస్తాడని ఊరంతా అనుకుంది. లక్ష్మణ్‌రావు మాత్రం "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట ఉపేందర్‌రావు గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

ఒకప్పుడు ఆయన బృందంలో పదహారుమంది ఉండేవాళ్ళు. తొంభై ఏడు వచ్చేసరికి ఐదుగురు మిగిలారు. మిగతావాళ్ళు ఉద్యోగాలకీ పెళ్ళిబ్యాండులకీ చెదిరిపోయారు. ఆ ఐదుగురు కూడా ఈమధ్య కబురు పెడితే డ్యూటీ అనో జ్వరం అనో సాకులు చెబుతున్నారు. అందుకే కంప్యూటరు. నలభైమంది వాయిస్తే ఎట్లా ఉంటుందో ముందు దాంట్లో కట్టి చూసుకోవచ్చు, ఆ తరువాత కావలసినవాళ్ళను పిలుచుకోవచ్చు. పాట కట్టడానికి హైదరాబాదు నుంచి రెండు సాఫ్ట్‌వేర్లు చూసి ఇస్తామని తెచ్చారు. ఒకటి ఉంచుకోవాలి, రెండోది వాపసు పోవాలి. ఆ తీర్పు ఈ సాయంత్రమే.

అజీముద్దీన్ వాటి ఇంగ్లీషు పేర్లు పలకలేక ఒకదాన్ని ‘గీతలది’ అనీ ఇంకోదాన్ని ‘పట్టీలది’ అనీ పిలుస్తున్నాడు. గీతలదాన్ని తెరిస్తే తెర మీద ఐదేసి గీతలు, వాటి మీద పశ్చిమ పద్ధతిలో స్వరాల గుర్తులు. అది చదవడం వచ్చినవాడికే అందులో పని. పట్టీలదాంట్లో ఒక్కో స్వరం ఒక్కో రంగు పట్టీ. పైన ఉంటే హెచ్చు స్వరం, పొడుగ్గా ఉంటే ఎక్కువసేపు మోగుతుంది. పట్టీ కింద మౌస్‌తో వంకర గీత గీస్తే స్వరం కూడా ఆ గీతతోపాటే వంగుతుంది. ఆ ఐదు గీతల లిపి ఊళ్ళో ఉపేందర్‌రావు ఒక్కడికే క్షుణ్ణంగా వచ్చు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక రిటైరయిన మిలిటరీ బ్యాండు మాస్టరు ఇంట్లో చాకిరీ చేసి నేర్చుకున్న విద్య అది. గీతలదే కావాలని మొదటిరోజే చెప్పేశాడు. పట్టీలదాన్ని పిల్లలాట అన్నాడు.

లోపల పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. కింది స్థాయిలో ఒకే ఒక్క వాయులీనం. తెల్లవారుజామున ఎవరో ఆడది తనలో తాను కూనిరాగం తీస్తున్నట్టుంది. స్వరం నుంచి స్వరానికి అడుగు వేయడం లేదు, జారుతోంది. దాని వెనక మరో నాలుగు లేచాయి, వాటి వెనక ఇంకొన్ని, చివరికి గది నిండిపోయింది. ఇంకేం, పైకి వెళ్ళిపోతుంది అనుకున్నచోట అన్నీ ఆగిపోయి మళ్ళీ ఆ ఒక్కటే మిగిలింది. ఉపేందర్‌రావు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రేడియోలు బాగుచేసుకునే అజీముద్దీన్‌కు ఇది ఎప్పుడు వచ్చింది? ఎవడు నేర్పాడు?

తలుపు తోశాడు.

కీబోర్డు ముందు కూర్చున్నది అజీముద్దీన్ కాదు. అతను గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. అతని భార్య హఫీజా కింద చాప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ చేతులు ఆపేసి వింటోంది. కుర్చీలో ఉన్నది సరళాదేవి. ఉపేందర్‌రావు భార్య.

"అరె అన్నా, మంచి టైముకు వచ్చిన్రు," అన్నాడు అజీముద్దీన్ పొంగిపోతూ. "వదినె ఏం జేసిందో జర ఇనున్రి. వారం దినాల సంది ఈ పట్టీలదాని ముంగట కూసుంటున్నది. నేను మీటలు చూపిచ్చిన, అంతే. మిగిలింది మొత్తం వదినెదే."

"నువ్వా చేసింది?" అన్నాడు ఉపేందర్‌రావు.

"ఆఁ," అంది సరళాదేవి. కుర్చీలోంచి లేవలేదు. "మొదటి రంగం. మొగడు గని దిగిండు, ఇంకా పైకి రాలే. ఆమె ఇంట్ల కూసోని ఇసురుకుంట ఎదురుచూస్తుంటది. మా ఆదిలాబాద్ దిక్కు మా అవ్వ ఇసుర్రాయి కాడ ఓవీ పాటలు పాడేది గద, గా నడకనే పట్టుకున్న."

సరళాదేవికి గాత్రం వచ్చు. ఆదిలాబాద్‌లో పుట్టింటి దగ్గర ఒక మరాఠీ పంతులు దగ్గర ఏళ్ళ తరబడి హిందుస్తానీ నేర్చుకుంది. పెళ్ళయి కరీంనగర్ వచ్చాక పొద్దున్నా సాయంత్రం ఆడపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఇల్లు గడవడంలో అదీ ఒక చెయ్యి. అంతవరకు ఉపేందర్‌రావుకు తెలుసు. ఆ గొంతులో ఇంతమంది వాయులీనాలు ఉన్నాయని మాత్రం తెలియదు.

వేరే మగవాడి గదిలో భార్య కూర్చుని ఉందన్న అనుమానం ఆయనకు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. అది లోకం ఎరిగిన బాధ. నలుగురితో చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. పెళ్ళాం తనకన్నా మంచి పాట కట్టిందని ఏడ్చేవాడికి అయ్యో అనేదెవరు?

"మంచిగనే ఉన్నది," అన్నాడు. మాట నోట్లోంచి బయటికి రావడానికి చాలా దూరం నడిచి వచ్చినట్టుంది. "కొత్తల అట్లనే అనిపిస్తది. గాని సరళా, ఒక స్వరం వంచితే ఆ వాద్యంల మోగేటివన్ని దాంతోపాటు వంగుతయి. తోడు స్వరాలు గుడ వంకర పోతయి. నీకు తెల్వదు గది."

"తెలుసు. మొదటి దినమే అట్ల అయింది. ఒక్కొక్క వరసను ఒక్కొక్క దారిల వేరే వేరే పెట్టిన. ఇప్పుడు ఒకటి వంగితే ఇంకోటి కదలదు."

"సరే. రేపు నస్పూర్‌ల మనుషులు వాయించాలె గద. వాళ్ళ ముంగట ఏం పెడతవ్? ఈ రంగుల పట్టీలు పెడతవా? గీతలదైతే ఎవని వంతు వానికి అచ్చేసి చేతిల పెట్టొచ్చు."

ఇది నిజమైన మాటే. సరళాదేవి కాసేపు ఆలోచించింది కూడా. "నిజమే," అంది. "గాని మీ వాళ్ళల్ల ఎంతమంది చూసి వాయిస్తున్నరు? కాయితం ముంగట పెట్టుకొని చెవుతోనే వాయిస్తున్నరు గద. కాయితం చూడందే కదలనోళ్ళు ఉంటే వాళ్ళకు మీరు రాసియ్యున్రి. మీకు వచ్చు గద."

మీరు రాసియ్యున్రి. ఆమె మామూలుగానే అంది. ఆయనకు మాత్రం తన చేతికి కలం ఇచ్చి గుమాస్తా బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టయింది.

"ఆ గీతలు నువ్వు నేర్చుకుంటే ఈ లొల్లే ఉండకపోవు," అన్నాడు. "పెండ్లయిన కొత్తల నేర్పుత అంటి. నీకే ఓపిక లేకపాయె."

హఫీజా బియ్యంలోంచి తలెత్తి చూసింది. సరళాదేవి ముఖంలోకి కోపం రాలేదు. ఏదో చాలాకాలం కింద సర్దిపెట్టిన వస్తువును ఎవరో తీసి కింద పడేస్తే చూసినట్టు చూసింది.

"నేను మానలే," అంది. "మీరే బంద్ పెట్టిన్రు. మీరు రాసిన పాట నా ముంగట పెట్టి చదువుమన్నరు. చదివి పాడిన. పాడుకుంట పాడుకుంట దానిమీద ఇంకో వరస తోచి అది గుడ పాడిన. మర్నాడు పుస్తకం అటక మీద ఉన్నది. నేనేం అడగలే. అడిగితే మీరు చిన్నబోతరు అనుకున్న."

అజీముద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "వదినె, బువ్వ సల్లారిపోతది. హఫీజా పొద్దున సంది వండింది. కిందికి పోదాం నడువున్రి. అన్నా, మీరు గుడ రాన్రి."

"ఆకలి లేదు. మీరు పోన్రి," అన్నాడు ఉపేందర్‌రావు.

ముగ్గురూ కిందికి దిగారు. గదిలో కంప్యూటరు ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. తెర మీద ఆమె పాట పరుచుకుని ఉంది. నీలం, ఎరుపు, పసుపు పట్టీలు, వాటి కింద సన్నటి వంకర గీతలు. ఒక్కో గీతను ఎంత ఓపికగా దిద్దిందో చూస్తేనే తెలుస్తోంది. కొన్నిచోట్ల చెరిపి మళ్ళీ గీసింది. ఇంట్లో అన్నం వండి, పిల్లలకు పాఠాలు చెప్పి, ఈ వారం రోజులూ "హఫీజా దగ్గరికి పోయొస్త" అని వచ్చి చేసిన పని ఇది. తనకు చెప్పకుండా. చెబితే ఏమయ్యేదో ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ తెలియడమే మరింత మండించింది.

ఈ పాటను గీతలదాంట్లోకి తీసుకువెళ్ళే దారి అజీముద్దీన్ నిన్ననే చూపించాడు. అందులో ఎట్లా మోగుతుందో చూద్దామనిపించింది. పరీక్ష కోసమే, అనుకున్నాడు. అవసరమే కదా, రెండింట్లో ఏది పనికివస్తుందో తేల్చాలి కదా. నాలుగు మీటలు నొక్కాడు.

గీతలది ఆమె పాటను తీసుకుని తన కొలతలకు సరిపోయేలా కత్తిరించి వేసింది. వంపులన్నీ పోయాయి. లయలో ఆమె కావాలని వెనక్కి లాగిన చోట్లన్నీ సరిసమానంగా లెక్కకు వచ్చాయి. జారవలసిన స్వరం మెట్టు తరువాత మెట్టు టకటకా ఎక్కింది. తిరగలి ముందు ఆడమనిషి లేచిపోయి టైపుమిషను ముందు ఎవడో కూర్చున్నట్టుంది.

ఉపేందర్‌రావుకు గుండెల మీంచి బండ దించినట్టయింది. నవ్వు కూడా వచ్చింది. ఇంతేనా! వంపులు తీసేస్తే దీంట్లో ఏముంది? నాలుగు స్వరాలు, పల్లెటూరి పాట. అదే తన పాటను ఎంత కొలిచినా చెక్కుచెదరదు. ఇంకోసారి వాయించి విన్నాడు. రెండోసారి మరింత బాగా అనిపించింది, అంటే మరింత చెడ్డగా వినిపించింది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. తలుపు తోసుకుని లక్ష్మణ్‌రావు వచ్చాడు. తెల్లటి లాల్చీ, చేతిలో మడిచిన తువ్వాలు, భారీ మనిషి. కూర్చోగానే కుర్చీ కిర్రుమంది.

"ఏం రావుసాబ్, ఒక్కరే ఉన్నరు? ఏదన్న తేలిందా?"

"తేలింది," అన్నాడు ఉపేందర్‌రావు. "గీతలదే ఉంచుకుందాం. పట్టీలది వాపస్ పంపుదాం. మీరు ఒకసారి ఇని చెప్పున్రి."

ముందు తన పాట వినిపించాడు. గనిలోకి కార్మికులు దిగే ఘట్టం. తాళం గట్టిగా ఉంది, వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా ఉన్నాయి, ఎక్కడా తప్పు లేదు. లక్ష్మణ్‌రావు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ విని, "బాగున్నది," అన్నాడు. ఆ మాట అన్న తీరుకు ఉపేందర్‌రావు చెవులు వేడెక్కాయి. అతిథి రెండో గంటె వద్దంటూ అనే ‘బాగున్నది’ అది.

"మా ఇంటామె గుడ ఏదో ప్రయత్నం చేసింది," అన్నాడు. ఎందుకు అన్నాడో అంటున్నప్పుడే తెలుసు. "ఆడోళ్ళ సరదా. అది గుడ ఇనున్రి."

మీట నొక్కాడు. సరళాదేవి పాట కట్టెపుల్లలు విరిచినట్టు మోగింది. లక్ష్మణ్‌రావు చివరిదాకా విన్నాడు. అయిపోయాక ముందుకు వంగి తెర వంక చూశాడు.

"రావుసాబ్, నేను వచ్చి శానసేపాయె. ఎదురుంగ హోటల్ల చాయ్ తాక్కుంట కూసున్న. మీ కిటికీ తెరిచే ఉన్నది. అందుల నుంచి ఒక పాట ఇనవడ్డది. గిదే పాట. గాని గిది గాదు. దాంట్ల పానం ఉన్నది, దీంట్ల పీనుగ ఉన్నది. నా కప్పు చేతిలనే సల్లారిపోయింది, తాగుడే మర్చిన. ఏమైంది దీనికి?"

ఉపేందర్‌రావు నాలుక ఎండిపోయింది.

"గా ఇనవడ్డది ఎవరు కట్టిన్రు?" అన్నాడు లక్ష్మణ్‌రావు.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆమె పేరు. ఆ పేరు నోటిదాకా వచ్చింది కూడా. దాని వెనకే ఇంకో దృశ్యం వచ్చింది. నస్పూర్ మైదానంలో దీపాలు, మైకులో ‘సంగీతం సరళాదేవి’ అని ప్రకటన, జనం చప్పట్లు, ఏదో మూల కుర్చీలో తాను. పక్కనున్నవాడు వంగి, "మీరు ఆమె భర్త గద?" అంటాడు.

"వరస ఆమెది," అన్నాడు ఉపేందర్‌రావు. "పుట్టింటి దిక్కు ఆడోళ్ళు పాడుకునే పాట. దానికి వాద్యం కట్టింది నేను. పానం పోసింది నేనే."

అని తల తిప్పేసరికి గుమ్మంలో సరళాదేవి ఉంది. చేతిలో ఆయన కోసం హఫీజా పంపిన పళ్ళెం ఉంది. వెనక అజీముద్దీన్. ఇద్దరూ విన్నారు. అజీముద్దీన్ నోరు తెరిచాడు. సరళాదేవి అతని వైపు చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నమస్తే లక్ష్మణ్‌రావు గారూ. మంచిగున్నరా?" అంది. తరువాత భర్త వైపు తిరిగింది. "మీరే కట్టిన్రు గద. గా ఒక్క వాయులీనం మొదలయ్యే కాడ జర వాయించి చూపియ్యున్రి. ఆయన మంచిగ ఇనలే గద."

గొంతులో వెటకారం లేదు. ఉంటే కోపం తెచ్చుకుని లేచిపోయేవాడు. ఆమె కీబోర్డు ముందు కుర్చీని కొంచెం వెనక్కి జరిపి పట్టుకుంది. కూర్చోక తప్పలేదు.

ఆయన చెవి గొప్ప చెవి. తలుపు బయట రెండుసార్లు విన్నాడు, లోపల చచ్చినదాన్ని మరికొన్నిసార్లు విన్నాడు. స్వరాలన్నీ గుర్తున్నాయి. వేళ్ళు వాటంతట అవే వెతుక్కుని మొదటి పాదం వాయించాయి. తప్పు లేకుండా వాయించాయి. లక్ష్మణ్‌రావు తల ఆడించాడు. ఒక్క క్షణం ఉపేందర్‌రావుకే అది తన పాట అనిపించింది. ఇది నాదే, ఇట్లాంటిది నాలోనూ ఉంది, అనుకున్నాడు.

అప్పుడు ఆ చోటు వచ్చింది. స్వరం జారవలసిన చోటు.

వాయులీనం అయితే వేలు జరిపేవాడు. కీబోర్డు మీద ఎటు జరపాలి? ఒక మీట నొక్కాడు, పక్క మీట నొక్కాడు. టక్, టక్. మళ్ళీ మొదటికి వచ్చాడు. మళ్ళీ టక్, టక్. మూడోసారి ఆ స్వరం మీదే వేలు ఆగిపోయింది. తీయలేక, ముందుకు పోలేక, దాన్ని అట్లాగే నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలోంచి ఆ ఒక్క స్వరం బండగా, తిన్నగా మోగుతూనే ఉంది.

ఆయన భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. రెండు గాజులు, పసుపు అంటిన వేళ్ళు. కీబోర్డు ఎడమ చివర ఒక చిన్న చక్రం ఉంది. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని చూడనేలేదు. ఆ వేళ్ళు చక్రాన్ని మెల్లగా పైకి తోశాయి.

స్వరం వంగింది. ఆయన వేలు కిందే వంగింది. తెల్లవారుజాము చీకట్లో తిరగలి ముందు కూర్చున్న ఆ ఆడది తల తిప్పి వాకిలి వైపు చూసింది.

అజీముద్దీన్ "సుభానల్లా" అన్నాడు, తనకు తెలియకుండానే.

సరళాదేవి ఆ పని జాలితో చేసిందో కసితో చేసిందో ఉపేందర్‌రావుకు అర్థం కాలేదు. తల ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. మీట మీది వేలు తీశాడు. స్వరం ఆగిపోయింది.

లక్ష్మణ్‌రావు ఆ చేతినే చూశాడు. చాలాసేపు చూశాడు. పెద్దమనిషి, ఎవరినీ తప్పుపట్టలేదు. అజీముద్దీన్‌తో, "గీతలది వాపస్ పంపు. గీ పట్టీలది ఉంచుదాం," అన్నాడు. తరువాత లేచి నిలబడి, "సరళమ్మా, మొత్తం నాటకం ఇట్లనే కడతవా?" అన్నాడు.

"కడత."

"అయితే సంగీతం నీదే. పేరు గుడ నీదే పడ్తది." ఉపేందర్‌రావు భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు ఫికర్ చెయ్యకున్రి రావుసాబ్. వాయించెటోళ్ళను తయారు చేసుడు ఆషామాషీ పని గాదు. అది మీతోనే అయితది."

ఆ చెయ్యి మెత్తగానే ఉంది. చెంపదెబ్బ అయినా ఇంతకన్నా నయం.

"జర గాలికి పోయొస్త," అని ఉపేందర్‌రావు లేచాడు. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది.

కింద గల్లీలో ఎండ వాలుతోంది. ఎటు పోవాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు ఆ గీతలు పట్టుకుని వేలాడాడు. మిలిటరీ మాస్టరు ఇంట్లో బూట్లు తుడిచి నేర్చుకున్న విద్యను వారం రోజుల్లో ఒక చిన్న చక్రం మింగేసింది. కాదు, చక్రం కాదు. ఆ చక్రం నిన్న కూడా అక్కడే ఉంది, తన చేతికి దొరకలేదు. తనలో లేనిదేదో ఆమెలో ఉంది, పెళ్ళయిన కొత్తలోనే ఉంది, తాను అప్పుడే విన్నాడు, విని పుస్తకాన్ని అటక ఎక్కించాడు. తప్పు ఎక్కడ ఉందో ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా కోపం మాత్రం ఆమె మీదకే పోతోంది. మనసు ఎంత నీచమైనదో, అనుకున్నాడు. అనుకున్నంత మాత్రాన మంట తగ్గలేదు.

గల్లీ మొదట్లో రిక్షాలు ఆగాయి. వాటిలోంచి ఐదుగురు దిగారు. అందరి చేతుల్లోనూ వాయులీనం పెట్టెలు. ముందు నడుస్తున్నది రాయమల్లు. నస్పూర్‌లో గనిలో పని చేస్తాడు, ఉపేందర్‌రావు బృందంలో మొదటి వాయులీనం అతనిది. ఒడిలో కూర్చోబెట్టుకున్నట్టు నేర్పాడు అతనికి. మూడు నెలలుగా ఎన్ని కబుర్లు పెట్టినా డ్యూటీ దొరకదని తప్పించుకుంటున్నవాడు ఇవాళ ఇంత దూరం వచ్చాడు. తన కోసమే వచ్చాడు! ఉపేందర్‌రావుకు ప్రాణం లేచివచ్చింది. రెండు అడుగులు ఎదురు వెళ్ళాడు.

"వచ్చిన్రా రాయమల్లూ!"

"నమస్తే సార్," అన్నాడు రాయమల్లు సంబరంగా. "పొద్దుగాల సరళమ్మ ఫోన్ చేసింది. ఫోన్‌లనే జర పాడి ఇనిపిచ్చింది. ఏం పాట సార్ అది! నా పెండ్లాం పక్కన నిలవడి ఇని కండ్లకు నీళ్ళు పెట్టుకున్నది. డ్యూటీ మార్చుకొని, గీళ్ళను అందరిని జమ చేసి బస్సెక్కినం. అమ్మ పైన ఉన్నదా?"

ఎదురు వేసిన రెండు అడుగులు అక్కడే ఆగాయి. డ్యూటీ మార్చుకోవచ్చన్నమాట. కావాలంటే మార్చుకోవచ్చు. ఇన్నాళ్ళూ కాలేదు, వద్దనుకున్నారు, అంతే. ఐదు ముఖాలూ వెలుగుతున్నాయి. తన రిహార్సల్‌కు వచ్చిన ఏ రోజునా ఆ ముఖాల్లో ఈ వెలుగు చూసిన గుర్తు లేదు. పాట పోయింది, పేరు పోయింది. ఇప్పుడు మనుషులు కూడా.

"ఇయ్యాల ఏం లేదు," అన్నాడు ఉపేందర్‌రావు. "వాపస్ పోన్రి."

"ఏమైంది సార్? ఇంత దూరం వచ్చినం గద. అమ్మనే పిలిచింది గద."

"అమ్మనే చెప్పుమన్నది. మీరొస్తరని చెప్పి నన్ను కిందికి పంపింది." మొదటి అబద్ధానికి నాలుక ఎండింది, ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు. "ఆ పాట కుదరలే. లక్ష్మణ్‌రావు గారికి నచ్చలే. సరళ ఇడిసిపెట్టింది దాన్ని. ఇగ మళ్ళ ముట్టను అన్నది. మీరు పైకి పోయి ఆమెను పరేషాన్ చెయ్యకున్రి. నేను కబురు పెడత, అప్పుడు రాన్రి."

రాయమల్లు చూపు ఉపేందర్‌రావు ముఖం మీద లేదు. తల మీదుగా ఎక్కడో పైకి చూస్తున్నాడు. వెనకున్న నలుగురూ అటే చూస్తున్నారు.

ఉపేందర్‌రావు మెల్లగా వెనక్కి తిరిగాడు. తెరిచిన కిటికీలో సరళాదేవి నిలబడి ఉంది. గల్లీ ఇరుకు, మాట స్పష్టంగా వినపడేంత దగ్గర.

ఆమె భర్త వైపు చూడలేదు.

"రాయమల్లూ, పైకి రాన్రి," అంది. "నేను ఇడిసిపెడుతున్నది పాటను గాదు."